కండక్టరమ్మ కాన్పుల చదువు

ఆ రూట్లో బస్సెక్కే వాళ్ళకి ఆమె మొహం కన్నా ముందు గొంతు పరిచయం. బస్సు మలుపు తిరక్కముందే "జరగాలి, లోపలికి జరగాలి, లోపల బోలెడంత చోటుంది" అని వినబడేది. తొంగి చూస్తే లోపల కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఆ గొంతు ఇంకోసారి లేచేసరికి మాత్రం ఎక్కణ్ణుంచో చోటు పుట్టుకొచ్చేది. అందరూ ఆమెని కండక్టరమ్మ అనేవాళ్ళు. కట్టుకున్న మొగుడు కూడా నలుగురిలో అలాగే అనేవాడు. ఆయనే ఆ బస్సుకి డ్రైవరు.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరివీ వేరు వేరు బస్సులు. ఈయన ఇంటికొచ్చేసరికి ఆమె బయల్దేరేది. డిపోలో కనబడిన వాళ్ళందర్నీ బతిమాలి ఒకే బస్సు మీద డ్యూటీ వేయించుకున్నారు. తీరా వేయించుకున్నాక తెలిసిందేమిటంటే, ఆయన ముందుకి చూడాలి, ఆమె వెనక్కి చూడాలి. రోజు మొత్తం మీద ఒకరి మొహం ఒకరికి అద్దంలో కనిపిస్తే కనిపించినట్టు. ఇంజను మోతలో మాటలు వినపడవు కాబట్టి ఉన్నదల్లా విజిలే. ఒకసారి ఊదితే ఆపు, రెండుసార్లు ఊదితే పోనీ. ఇన్నేళ్ళ కాపరంలో తమకి గొడవ రాలేదంటే అదే కారణమని ఆమె పక్కింటావిడతో చెప్పి నవ్వేది.

ఆ బస్సులో ఆమెకి ఇష్టమైన సీటు ఒకటుండేది. తను కూర్చోడానికి కాదు. ముందు తలుపు పక్కన, రెండో వరసలో ఉన్న ఆ సీటు నెలలు నిండుతున్న ఆడవాళ్ళకి. అందులో ఎవరైనా మగమహారాజు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఆమె పల్లెత్తు మాట అనేది కాదు. అతని నెత్తి మీద నిలబడి టిక్కెట్లు కొట్టేది, అతనే లేచేదాకా. అలా ఆ సీటులో ఎందర్నో చూసింది. మిల్లులో పనిచేసే అమ్మాయి, బ్యాంకు ఆవిడ, చేపలమ్మే ఆవిడ. మొదట్లో చేతిసంచి పొట్టకి అడ్డం పెట్టుకునేవాళ్ళు. తర్వాత నడుం మీద చెయ్యేసుకుని మెట్లెక్కేవాళ్ళు. ఒక రోజు నుంచి కనిపించడం మానేసేవాళ్ళు. మళ్ళీ కొన్నాళ్ళకి చేతిలో చిన్న మూటతో, ఇదివరకు చూడని మొహంతో బస్సెక్కేవాళ్ళు. మధ్యలో ఏం జరిగిందో కండక్టరమ్మ ఎప్పుడూ చూడలేదు. తన కూతుర్ని తను కన్నప్పుడు కూడా మత్తిచ్చి ఆపరేషన్ చేశారు కాబట్టి తనకేమీ తెలియదు. "సినిమాకెళ్ళి ఇంటర్వెల్ ముందు నిద్రపోయి, శుభం కార్డు దగ్గర లేచినట్టుంది నా సంగతి" అనేది.

అలా ఉండగా బస్సుల్లోకి టిక్కెట్టు మిషన్లు వచ్చాయి. ఎక్కేవాళ్ళు కార్డు చూపిస్తే అదే కుయ్యిమంటుంది. కండక్టర్లని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు కానీ, తలా ఒక మూల కూర్చోబెట్టారు. కండక్టరమ్మకి డిపో స్టోరులో టైర్ల దగ్గర కుర్చీ వేశారు. చేసే పని లేదు. మాట్లాడే దిక్కు లేదు. టైర్లు జరగమంటే జరిగేవి కావు. నెల తిరక్కుండానే మనిషి మొహం పీక్కుపోయింది. డ్రైవరు పరిస్థితీ అంతంతమాత్రమే. స్టాపు వస్తుంటే అలవాటు కొద్దీ విజిల్ కోసం చెవులు రిక్కించి, అది వినపడక స్టాపు దాటేసి, ప్రయాణికుల చేత తిట్లు తింటున్నాడు.

ఆ రూటుకి ఆఖరి స్టాపు టెక్నికల్ కాలేజీ. కూతురు అప్పుడే అక్కడ వెల్డింగు కోర్సులో చేరింది. ఒక రోజు ఆ పిల్ల షెడ్డులో పెట్టుకునే కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోతే, ఇచ్చి వద్దామని కండక్టరమ్మ వెళ్ళింది. ఇన్నేళ్ళూ "టెక్నికల్ కాలేజీ, అందరూ దిగాలి" అని అరవడమే కానీ గేటు దాటి లోపల అడుగుపెట్టడం అదే మొదలు. ఒక పక్క వెల్డింగు షెడ్డు, దాని ఎదురుగా మోటారు మెకానిక్కులది. మధ్యలో జుట్టు కత్తిరించడం నేర్పే గది, దాని గుమ్మం ముందు ఊడ్చి పోగేసిన వెంట్రుకలు. వాటన్నిటికీ అవతల తెల్ల సున్నం కొట్టిన గదులు. ఏ షెడ్డు ఏదో తెలియక, దారి అడుగుదామని ఒక గది కిటికీలోంచి తొంగి చూసింది. లోపల బల్ల చుట్టూ అమ్మాయిలు మూగి ఉన్నారు. బల్ల మీద ప్లాస్టిక్‌తో చేసిన కటి ఎముక. ఒకమ్మాయి అందులోంచి ఒక గుడ్డ పాపాయిని మెలితిప్పుతూ బయటికి తీస్తోంది. పాపాయి చెయ్యి ఇరుక్కుపోయింది. అందరూ నవ్వుతున్నారు.

కండక్టరమ్మ కళ్ళద్దాల సంగతి మర్చిపోయి కిటికీ ఊచలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాఠం చెబుతున్న పొట్టి ఆవిడ చూసి, ఏం కావాలని అడిగింది.

"అదే... ఆ మధ్యలోది" అంది కండక్టరమ్మ. ఏమందో తనకే తెలియలేదు.

ఆ పొట్టి ఆవిడని పిల్లలు పెద్ద మేడమ్ అంటారు. వేలమందికి పురుడు పోసి, ఇప్పుడు పొయ్యడం నేర్పుతోంది. ఆ కోర్సుకి వయసుతో పనిలేదని, పదో తరగతి ఉంటే చాలని ఆవిడ చెప్పింది. అయితే చదువొదిలి చాలా ఏళ్ళయినట్టుంది, ఎముకల పేర్లూ మందుల పేర్లూ బుర్రకెక్కుతాయా అని అనుమానపడింది. మా రూట్లో స్టాపుల పేర్లన్నీ ముందునుంచీ వెనకనుంచీ గుక్కతిప్పుకోకుండా చెబుతానని కండక్టరమ్మ అంది. అన్నది ఊరుకోక చెప్పడం మొదలెట్టింది. సగం దూరం వెళ్ళేసరికి మేడమ్ చెయ్యెత్తి, చాలమ్మా, నేను ఇక్కడే దిగిపోతాను అంది.

ఇంట్లో చెప్తే డ్రైవరు అన్నం తింటున్నవాడు ఆగి, మంత్రసానివవుతావా అన్నాడు. ఆయన అక్కగారు ఫోన్లో, ఈ వయసులో పుస్తకాల సంచి తగిలించుకుని కూతురి వెనకాల తిరుగుతుందా అని ముక్కున వేలేసుకుంది. ఆవిడ వేలేసుకోవడం ఫోన్లో కూడా తెలిసిపోయింది. అసలు గొడవ కూతురితో వచ్చింది.

"మా కాలేజీలోనా?" అంది ఆ పిల్ల. "ఇంకే కాలేజీ దొరకలేదా అమ్మా నీకు?"

చివరికి ఒప్పందం కుదిరింది. కాలేజీలో ఒకరికొకరు తెలియనట్టే ఉండాలి. బస్సు కూడా వేరు వేరుగా దిగాలి. కండక్టరమ్మ ఒట్టేసి, డిపోలో టైర్లకి సెలవు చెప్పి కాలేజీలో చేరింది. మొదటి రోజు మధ్యాహ్నం కూతురు క్యారేజీ తీసుకోకుండా షెడ్డు వైపు పోతుంటే, ఆవరణ ఈ చివర నుంచి ఆ చివరకి "బంగారుతల్లీ, నీ క్యారేజీ" అని ఒక్క కేక వేసింది. బస్టాండు గొంతు అది. షెడ్డులో నిప్పురవ్వలు ఆగిపోయాయి. మెకానిక్కు కుర్రాళ్ళు లారీ కిందనుంచి బయటికి పాకి వచ్చారు. ఆ ఏడాదంతా వెల్డింగు క్లాసులో ఆ పిల్ల పేరు బంగారుతల్లి అయిపోయింది. మూడు రోజులు తల్లితో మాట్లాడలేదు. నాలుగో రోజు పటంలో ఎముకలు గుర్తుపట్టలేక తల్లి కుస్తీ పడుతుంటే చూడలేక, తనే పక్కన కూర్చుని వేలుపెట్టి చదివించింది.

క్లాసులో మిగిలిన వాళ్ళంతా కూతురి ఈడు వాళ్ళే. వారం తిరిగేసరికి అందరికీ ఆమె పిన్ని. వాళ్ళు ఒకసారి చదివితే వచ్చేది ఆమెకి పదిసార్లు చదివితే గానీ వచ్చేది కాదు. మందుల పేర్లయితే నోటికి వచ్చేవి, చేతికి వచ్చేవి కావు, రాస్తే అక్షరాలు అటూ ఇటూ అయిపోయేవి. చేత్తో చేసే పని దగ్గర మాత్రం కాస్త కుదురుకుంది. కడుపులోంచి బిడ్డ ఎలా మలుపులు తిరుగుతూ వస్తుందో మేడమ్ చెప్పిన రోజున పిల్లలు బొమ్మని అటూ ఇటూ తిప్పి తికమకపడుతుంటే కండక్టరమ్మ, ఇది కిక్కిరిసిన బస్సులోంచి లావుపాటి మనిషి దిగడం లాంటిదే కదా అంది. సూటిగా దిగితే ఇరుక్కుపోతాడు. గడ్డం గుండెకి ఆనించుకుని తల వంచాలి, పక్కకి తిరగాలి, ముందు ఒక భుజం, తర్వాత ఇంకో భుజం. లేచి నిలబడి తలుపు దగ్గర చేసి చూపించింది కూడా. పిల్లలు కడుపుబ్బ నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, అంతా బాగానే ఉంది కానీ ఒక తేడా ఉంది, ఈ ప్రయాణికుణ్ణి బయటినుంచి లాగకూడదు అంది. కండక్టరమ్మ నాలుక కరుచుకుంది. బస్సులో ఆమె లాగేది.

పొట్ట మీద చేతులు పెట్టి లోపల బిడ్డ తల ఎటుందో, వీపు ఎటుందో తెలుసుకోవడం ఇంకో విద్య. దానికి రోజూ సాధన కావాలి. ఇంట్లో అంత పొట్ట ఉన్నది డ్రైవరుకి ఒక్కడికే. ఆదివారం మధ్యాహ్నం ఆయన భోంచేసి చాప మీద వాలగానే కండక్టరమ్మ చేతులు రుద్దుకుని వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చునేది. ముందు పైభాగం, తర్వాత రెండు పక్కలు, తర్వాత కిందిభాగం, పుస్తకంలో ఉన్నట్టే. డ్రైవరుకి చక్కిలిగింతలు. కదిలితే మళ్ళీ మొదట్నుంచీ.

"వీపు దొరికింది, కదలకండి" అందామె ఒకసారి.

"అది వీపు కాదే, మధ్యాహ్నం తిన్నది" అన్నాడు డ్రైవరు.

అంతలో లోపలికొచ్చిన కూతురు ఇద్దర్నీ చూసి, "ఎన్నో నెల నాన్నా?" అనేసి వెళ్ళిపోయింది. ఆ మాట డిపో దాకా పాకింది. తర్వాత చాలా కాలం డ్రైవర్లంతా ఆయనకి లేచి సీటు ఇచ్చేవాళ్ళు.

అన్నీ ఇలా నవ్వులతోనే గడిచిపోలేదు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినడానికి చిన్న గొట్టం ఒకటుంటుంది, బూర లాగా. వెడల్పు వైపు పొట్ట మీద ఆనించి, రెండో వైపు చెవి పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టాలి. గర్భిణులు పరీక్షకి వచ్చే రోజున మేడమ్ ఒకావిడని ఒప్పించి పిల్లలందరిచేతా వినిపించింది. ఒక్కొక్కళ్ళూ వంగి, కాసేపు కళ్ళు మూసుకుని, ఉన్నట్టుండి మొహాలు వెలిగించుకుని లేచారు. కండక్టరమ్మ వంగింది. ఏమీ లేదు. ఎక్కడో కుర్చీ జరిపిన చప్పుడు తప్ప ఏమీ లేదు. లేచి, అందరిలాగే మొహం వెలిగించుకుంది.

మర్నాడు మేడమ్ ఒక్కొక్కరినే లోపలి గదిలోకి పిలిచింది. అక్కడ ప్లాస్టిక్ గర్భిణి బొమ్మ పడుకుని ఉంది. దాని పొట్టలో మిషను గుండెలా కొట్టుకుంటుంది. విని, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పాలి. కండక్టరమ్మ చెవి పెట్టింది. నిశ్శబ్దం.  పుస్తకంలో ఉన్న అంకెల్లో నదురుగా ఉన్నదొకటి ఏరుకుని, "నూట నలభై మేడమ్" అంది.

"దాని బ్యాటరీ నా బల్ల సొరుగులో ఉందమ్మా" అంది మేడమ్.

కండక్టరమ్మ తల ఎత్తలేకపోయింది. ఆ రోజు బ్యాటరీ లేని గుండె కొట్టుకుంటోందని చెప్పినవాళ్ళు క్లాసులో సగం మంది ఉన్నారట. ప్రతి ఏడూ ఇంతేనని, అందుకే తను ప్రతి ఏడూ బ్యాటరీ తీస్తానని మేడమ్ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. వినపడకపోతే వినపడలేదని చెప్పే నోరు లేనివాళ్ళు ఈ పనికి పనికిరారంది. పిల్లలు సిగ్గుపడ్డారు, తిట్లు తిన్నారు, సాయంత్రానికల్లా మర్చిపోయి నవ్వుకున్నారు. కండక్టరమ్మ నవ్వలేదు. అందరూ వెళ్ళాక మేడమ్ గది గుమ్మంలో నిలబడింది. బ్యాటరీ ఉన్నా తనకి వినపడేది కాదని, ముందు రోజు ఆ గర్భిణి దగ్గరా ఏమీ వినలేదని చెప్పేసింది. ఇన్నేళ్ళూ ఇంజను పక్కన నిలబడ్డాను, చెవి పోయినట్టుంది, నన్ను పంపించెయ్యండి అంది.

మేడమ్, ఏ చెవి పెట్టి విన్నావని అడిగింది. ఎడమ చెవి. అందరూ మంచానికి ఒకే పక్క నిలబడతారు, ఆ పక్క నిలబడితే ఎడమ చెవే పెట్టాలి. ఇంజను ఏ పక్క ఉండేదని అడిగింది.  ఇంజను ఎప్పుడూ ఎడమ పక్కే.

చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఎడమది మొద్దుబారిన మాట నిజమే గానీ కుడిది పదహారేళ్ళ పిల్ల చెవిలా ఉందన్నాడు. బొమ్మకి బ్యాటరీ పెట్టించుకుని, ఈసారి బల్లకి అవతలి పక్క నిలబడి వింది. వినపడింది. బొమ్మ గుండె టకటకమని తలుపు కొట్టినట్టు వినపడింది. ఇక మీద ఎక్కడికెళ్ళినా నువ్వు అవతలి పక్కే, మొహమాటపడకు అంది మేడమ్.

రెండో ఏడు ఆస్పత్రి కాన్పుల వార్డులో వేశారు. దాన్ని ఏలేది ఒక సిస్టరు. నిటారుగా, పొడుగ్గా, చెప్పుల చప్పుడు కూడా చెయ్యకుండా నడుస్తుంది. కండక్టరమ్మ మొదటిసారి కాన్పు గదిలోకి వెళ్ళినప్పుడు మూల నిలబడి చూడమన్నారంతే. ఆ మధ్యలోది ఎట్టకేలకి కళ్ళముందు జరగబోతోంది. మంచం మీదావిడకి నొప్పి వచ్చిన ప్రతిసారీ కండక్టరమ్మకి కాళ్ళు నిలవలేదు. చివరికి ఉండబట్టలేక "కానీ తల్లీ, కానీ, త్వరగా, త్వరగా" అని అందుకుంది. ఆ గొంతు ఆ గదిలో పట్టలేదు. పక్క గదిలో ఇంకా వేళ కాని ఒకావిడ తననే అనుకుని ముక్కడం మొదలెట్టింది. వరండాలో ఉన్న మొగవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

సిస్టరు గొంతు పెంచలేదు. వేలుతో గుమ్మం చూపించింది. తర్వాత బయటికి వచ్చి ఒక్క మాట అంది. "ఇక్కడ ఎవరికీ బస్సు తప్పిపోదు."

కండక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. వరండా బల్ల మీద కూర్చుని, తను ఏం తప్పు మాట అన్నానని తనలో తనే వాదించుకుంది. వాదించగా వాదించగా, ఇన్నేళ్ళూ తను చేసిన పనల్లా మనుషుల్ని తొందరపెట్టడమేనని తోచింది. ఎక్కమని తొందర, జరగమని తొందర, దిగమని తొందర. ఇంట్లో కూడా అంతే. కూతుర్ని బడికి తొందర, మొగుణ్ణి స్నానానికి తొందర. ఆ పనికి అది కావాలి. ఈ పనికి అది పనికిరాదు. కోపం ఎప్పుడు దిగిపోయిందో తెలియలేదు గానీ దాని చోట బెంగ పట్టుకుంది. అలవాటైన గొంతుని ఈ వయసులో ఎక్కడ పారెయ్యడం?

మేడమ్ వచ్చి ఓదార్చలేదు. ఒక పని అప్పగించింది. ఒక్కావిడ పక్కన, నొప్పులు మొదలైన దగ్గర్నుంచీ బిడ్డ చేతికి వచ్చేదాకా కూర్చోవాలి. అడిగితేనే మాట్లాడాలి. సలహాలు ఇవ్వకూడదు.

అలా ఒక పొద్దున్నే ఆమె ఒక పంతులమ్మ పక్కన కూర్చుంది. పంతులమ్మకి తొలి కాన్పు. భర్త రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. లోపలికి రమ్మంటే కళ్ళు తిరుగుతాయని చెప్పి, వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నొప్పి వచ్చినప్పుడల్లా పంతులమ్మ కండక్టరమ్మ చెయ్యి పట్టుకునేది, పోగానే వదిలేసేది. చెప్పాలనిపించిన మాటలు కండక్టరమ్మ గొంతుదాకా వచ్చి ఆగేవి. మింగేది. కిటికీ ఎండ నేల మీద నుంచి మంచం కాలు ఎక్కింది. బట్టీ ఆయన తలుపు అద్దంలోంచి తొంగి చూసి వెళ్ళాడు. మళ్ళీ చూసి వెళ్ళాడు. ఆమెకి ఒక వింత తెలిసింది. ఊరికే కూర్చోవడం ఊరికే కూర్చోవడం కాదు. నొప్పి రాబోయే ముందు పంతులమ్మ కాలి బొటనవేలు కదులుతోంది. అది కదలగానే తను చెయ్యి చాపితే, ఆవిడ వెతుక్కోవలసిన పని ఉండటం లేదు.

"మీరసలు మాట్లాడరా?" అంది పంతులమ్మ, చాలాసేపటికి.

"మాట్లాడొద్దన్నారండీ."

"ఎవరు?"

"అందరూ."

పంతులమ్మకి నవ్వొచ్చింది. ఆ గోడ గడియారం చప్పుడు వినలేక చస్తున్నాను, ఏదైనా చెప్పండి అంది. ఏం చెప్పాలో తోచక కండక్టరమ్మ బ్యాటరీ కథ చెప్పింది. గొంతు తగ్గించి, పంతులమ్మకి మాత్రమే వినబడేంతగా చెప్పింది. నూట నలభై దగ్గరికి వచ్చేసరికి పంతులమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వు మధ్యలో నొప్పి వచ్చింది. ఆగండి, ఆగండి అని చెయ్యి నలిపేసి, అది పోగానే కళ్ళు తుడుచుకుని, తర్వాతేమైందని అడిగింది. మా బళ్ళో కూడా ఇలాంటివాళ్ళు ముందు బెంచీలోనే ఉంటారంది. అంతా విని, "అయితే ఇప్పుడు మావాడిది వినండి. నిజంగా వినపడితేనే చెప్పండి" అంది.

వినడానికి అవతలి పక్కకి వెళ్ళాలి. అవతలి పక్క గోడ. ఆ వార్డులో మంచాలన్నీ గోడకి ఆనించే ఉంటాయి. ఇన్నాళ్ళూ ఆమె గొట్టం పట్టుకుని వంకరగా వంగి, ఏదో వినీ విననట్టు లేస్తూ, సరిగా వినపడలేదని చెప్పి ఇంకొకరిని పిలుస్తూ వస్తోంది. గుమ్మంలో సిస్టరు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచీ ఉందో తెలియదు. కండక్టరమ్మ లేచి, నాకు ఎడమ చెవి సరిగా లేదండీ, మంచం కాస్త ఇవతలికి జరిపితే కుడి చెవితో వింటాను అంది.  సిస్టరు వచ్చి, మంచం చక్రాల గడియ కాలితో ఎత్తి, తనే ముందుకు లాగింది.

కండక్టరమ్మ గోడకీ మంచానికీ మధ్య దూరి గొట్టం ఆనించింది. ముందు తన నెత్తురు చప్పుడే వినపడింది. ఆగింది. తొందరపడలేదు. గొట్టం కాస్త కిందికి జరిపింది. అప్పుడు వచ్చింది. బొమ్మ గుండెలా టకటకమని కాదు. ఎవరో చాలా దూరంలో, మెత్తటి నేల మీద చిన్న పాదాలతో పరిగెత్తుతున్నట్టు. ఆగకుండా, అలిసిపోకుండా. ఆమె గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టింది. లేచి "నూట ముప్పై రెండు" అంది. ఇదివరకెప్పుడూ ఏ అంకె చెప్పినా ఇంత భయం వెయ్యలేదు. సిస్టరు తనూ వంగి వింది. లేచి, కాగితం మీద అదే అంకె వేసింది.

మధ్యాహ్నం దాటాక బిడ్డ తల కనిపించింది. కనిపించి మళ్ళీ లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. కండక్టరమ్మ పళ్ళు బిగించుకుంది. సిస్టరు ఆమె చేతుల్ని పట్టుకుని తన చేతుల కింద పెట్టుకుంది. ఇప్పుడు ఆగాలి, ముక్కకూడదు, ఊపిరి వదలాలి, చెప్పు అని ఆమె చెవిలో అంది. కుడి చెవిలోనే అంది.

"ఆగు తల్లీ. ఊపిరి వదులు. చిన్నగా. నీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు" అంది కండక్టరమ్మ. ఆ గొంతు తనదని ఆమెకే నమ్మకం కలగలేదు. అంత మెత్తగా తను కూతుర్ని కూడా ఎప్పుడూ పిలవలేదు.

తల బయటికి వచ్చింది. ఎవరూ తిప్పకుండానే పక్కకి తిరిగింది. ఒక భుజం, తర్వాత ఇంకొకటి, ఆ వెంటనే మిగిలిందంతా వెచ్చగా, జారుగా చేతుల్లో పడింది. మగపిల్లాడు. క్షణం సేపు ఉలుకూ పలుకూ లేదు. సిస్టరు గుడ్డతో వీపు రుద్దింది. అప్పుడు వాడు నోరు తెరిచి ఒక్క కేక పెట్టాడు, వరండాలో బట్టీ ఆయన గోడ పట్టుకునేంత కేక.

"వీడికి ఈ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు" అంది సిస్టరు, కండక్టరమ్మ వంక చూడకుండా.

పిల్లాణ్ణి తల్లి గుండెల మీద పడుకోబెట్టాక కండక్టరమ్మ చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. సబ్బు నురగ మోచేతుల దాకా పట్టించి, కుళాయి తిప్పడం మర్చిపోయి, అలా నిలబడి ఏడ్చింది. దుఃఖం కాదు. సంతోషమని కూడా అనలేం. ఇన్నేళ్ళ సినిమా మధ్య భాగం ఒక్కసారిగా చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. సిస్టరు వచ్చి కుళాయి తిప్పి వెళ్ళిపోయింది.

పరీక్షలొచ్చాయి. కాన్పుల పరీక్ష, పసిపిల్లల పరీక్ష బాగా రాసింది. మందుల పరీక్ష తప్పింది. ఆడపడుచు ఫోన్ చేసి, పోనీలే, ప్రయత్నం చేశావు అంది. ఆ మాటకి పట్టుదల పెరిగి, వంటింట్లో, బాత్‌రూమ్ తలుపు మీద, డ్రైవరు టోపీ లోపల కూడా మందుల పేర్లు అంటించి చదివింది. డ్రైవరుకి కూడా సగం వచ్చేశాయి. రెండోసారి గట్టెక్కింది. ఆయన ఆ రోజు డ్యూటీలో ఉండి, సంతోషం పట్టలేక, బస్సు ఎక్కినవాళ్ళందరికీ వాళ్ళావిడ పాసైందని చెప్పాడు. ఆయన గొంతు అంత గట్టిగా ఉంటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఇప్పుడామె అదే ఆస్పత్రి కాన్పుల వార్డులో పనిచేస్తోంది. జనం కండక్టరమ్మ అనడం మానలేదు. కొత్తగా వచ్చే తల్లులు, ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియక, ఇది ఆస్పత్రిలో ఏదో పెద్ద హోదా అనుకుంటారు. కూతురు వెల్డింగు కోర్సు పూర్తిచేస్తూ, ఆఖరి పరీక్ష కోసం తల్లికి ఇనప ముక్కాలిపీట చేసి ఇచ్చింది. ఆ మంచాలు ఎత్తు, తల్లి పొట్టి. మంచి మార్కులే వచ్చాయి గానీ పీటకి ఒక కాలు కాస్త పొట్టి. కింద అట్టముక్క మడిచి పెట్టకపోతే ఒక పక్కకి ఒరుగుతుంది. సిస్టరు ఆ పీట కిర్రుమంటోందని రోజూ సణుగుతుంది, ఎవరూ లేనప్పుడు తనే దాని మీద కూర్చుని టీ తాగుతుంది.

ఇద్దరికీ ఒక విషయంలో మాత్రం ఇప్పటికీ పడదు. కండక్టరమ్మకి కిటికీలు బార్లా తెరిచి ఉండాలి. సిస్టరుకి గాలి పడదు. మొన్న కూడా టీ గ్లాసులు పట్టుకుని అదే గొడవ. ఆమె తెరవడం, ఈవిడ మూయడం. అంతలో వరండాలోంచి ఎవరో హడావిడిగా వచ్చి, కొత్తగా ఒకావిడ వచ్చింది, చాలా భయపడుతోంది అన్నారు. కండక్టరమ్మ టీ గ్లాసు కిటికీలో పెట్టేసి, చేతులు కడుక్కుని, ముక్కాలిపీట చంకన పెట్టుకుని బయల్దేరింది. సిస్టరు ఆ వెనకాలే కిటికీ మూసేసింది.